అప్పగింతల పాట రెండో సగం

నాకు ముక్కు మీద కోపం ఉంటుందని మా స్కూల్లో పిల్లలకీ, తోటి టీచర్లకీ, మా ఆయనకీ తెలుసు. లెక్కల టీచరుకి ఆ మాత్రం కోపం లేకపోతే క్లాసు నడవదని నేను సమర్థించుకుంటాను. కానీ ఈ రెండేళ్ళలో నేను పడ్డ కోపం లెక్కల వల్ల కాదు, ఒక చిన్న నల్ల రికార్డు వల్ల. టిఫిను ప్లేటంత ఉంటుంది, అంతే. దాని కోసం తిరిగానని ఎవరికైనా చెబితే, "యాభై దాటాక ఇదేం పిచ్చి మేడం?" అని నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. క్రికెట్ చూడటానికి విశాఖపట్నం దాకా వెళ్ళొచ్చినవాళ్ళని ఎవరూ అలా నవ్వరు.

మేముండేది పటమటలో, ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో. అమ్మా నాన్నా మా దగ్గరే ఉంటారు. నాన్న కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గేట్లు ఎత్తించడం, గేట్లు దించడం, అదీ గడియారం చూసుకుని. ఇంట్లో కూడా అంతే. వార్తలు అయిపోగానే టీవీ ఆగాలి, గదిలోంచి లేవగానే ఫ్యాను ఆగాలి, ఆయన పేపరు తెరవగానే మా మాటలు ఆగాలి. "ఆపండిక" అన్నది ఆయన ఊతపదం. చిన్నప్పటి నుంచీ విని విని మాకది ఒక మాటలాగే వినిపించదు, గోడ మీద గడియారం చప్పుడులా కలిసిపోయింది.

ఒకరోజు సాయంత్రం మా వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తోంది. డీజే దెబ్బకి మా కిటికీ అద్దాలు దడదడలాడాయి. నాన్న బాల్కనీలోకి వెళ్ళి ఎవరికీ వినపడకపోయినా "ఆపండిక ఆ గోల" అని అరిచి వచ్చారు. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే, ఎవరూ అడక్కుండానే అంది: "నా పెళ్ళిలో అప్పగింతల పాట సగంలో ఆగిపోయిందే."

"ఎందుకాగింది?" అన్నాను.

"కరెంటు పోయింది" అంది అమ్మ, చిక్కుడుకాయల వైపే చూస్తూ.

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా, పిల్లని అత్తవారి చేతుల్లో పెట్టే సమయానికి మైకులో ఆ పాట మొదలయ్యేది. అందరూ పైటచెంగులు కళ్ళకద్దుకుంటూ ముందుకి తోసుకొచ్చేవాళ్ళు. అమ్మ మాత్రం లేచి వంటల పందిరి వైపు వెళ్ళిపోయేది. గిన్నెలు సర్దిస్తోంది కాబోలు అనుకునేదాన్ని. అంటే ఇన్నేళ్ళలో అమ్మ ఆ పాట రెండో సగం ఒక్కసారి కూడా వినలేదన్నమాట. వినాలని లేకా అంటే, కాదట. "నాదే పూర్తికానప్పుడు ఇంకొకళ్ళది ఏం వింటాం" అంది.

ఫోనులో వెతికాను. అప్పగింతల పాటలు వంద దొరికాయి. ఒకదాంట్లో డ్రమ్ములు, ఒకదాంట్లో ఎవరో అమ్మాయి సినిమా ఫక్కీలో వెక్కివెక్కి పాడటం. అమ్మ ఒక్కొక్కటీ రెండు క్షణాలు విని తల అడ్డంగా ఊపింది. "ఇద్దరు ఆడవాళ్ళు పాడతారు. ఒకావిడ గొంతు కాస్త బొంగురు. చిన్న రికార్డు, అటు రెండు, ఇటు రెండు పెళ్ళి పాటలు. అప్పగింతలది నాలుగోది" అని గుర్తులు చెప్పింది. సరే, రికార్డే సంపాదిద్దాం అనుకున్నాను. అది ఎంతమందితో తగువులాడాల్సిన పనో అప్పుడు తెలియదు.

మొదట ఆన్‌లైన్లో ఒక ప్లేయరు తెప్పించాను. చిన్న సూట్‌కేసులా ఉంది, మూత తెరిస్తే లోపల పళ్ళెం తిరుగుతుంది. దాంతోపాటు వన్ టౌన్‌లో పాత సామాన్లు అమ్మే షాపులో నాలుగు రికార్డులు కొన్నాను, నేర్చుకోడానికి. ఒకటి పెట్టి ముల్లు దించితే, పాడేది గాయనో, జలుబు చేసిన మొగవాడో తెలియలేదు. మోసపోయానని ఆ షాపాయన మీద మండిపడి బస్సెక్కి వెళ్ళాను. ఆయన రికార్డు మధ్యలో ఉన్న కాగితాన్ని వేలితో చూపించాడు. నిమిషానికి నలభై అయిదు చుట్లు అని అంకెల్లో రాసి ఉంది. నేను ముప్పై మూడు మీద పెట్టాను. లెక్కల టీచరుని, అంకె చదవలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆటో అతనితో గొడవపడి ఇంటికొచ్చాను.

నెలలోపే ఇంకో నిజం తెలిసింది. ఆ సూట్‌కేసు ప్లేయరు ముల్లు వేయాల్సిన బరువుకి రెండు మూడింతల బరువు రికార్డు మీద వేస్తోంది. అంటే పాడిన ప్రతిసారీ పాటని కాస్త చెక్కేస్తోంది. నా నాలుగు రికార్డుల్లోనూ పై స్వరాలు బరబరమంటున్నాయి. మంచి మిషను ఏదో చెప్పమని బీసెంట్ రోడ్డు దగ్గర ఒక పెద్ద షాపుకి వెళ్ళాను. అక్కడ టై కట్టుకున్న అబ్బాయి నన్ను పైనుంచి కిందకి చూసి, "సార్‌కా మేడం? సార్‌ని తీసుకొస్తే డెమో ఇస్తాం" అన్నాడు. నేను ముల్లు బరువు గురించి అడుగుతుంటే, "అవన్నీ టెక్నికల్ మేడం, సార్‌కైతే అర్థమవుతుంది" అని నవ్వాడు. మా సార్‌కి ఏసీ రిమోటుకీ టీవీ రిమోటుకీ తేడా తెలియదు. పదో తరగతి పిల్లలకి ముప్పై ఏళ్ళుగా త్రికోణమితి చెబుతున్న నాకు గ్రాములు అర్థం కావా? అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ షాపులో మళ్ళీ కాలు పెట్టలేదు. ఇప్పటికీ ఆ పక్కనుంచి వెళ్ళేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటాను.

నన్ను బాగుచేసింది కొండపల్లిలో ఒక పెద్దాయన. థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యాడు, రికార్డులంటే ప్రాణం. ఆయన దగ్గర రెండు మిషన్లు ఉన్నాయనీ, ఒకటి ఇచ్చేస్తాడనీ మా స్కూలు సైన్సు మాస్టారు చెబితే వెళ్ళాను. వెళ్ళగానే మిషను చూపించలేదు. బల్ల మీద ఒక రసమట్టం పెట్టాడు, తాపీమేస్త్రీలు గోడ చూసుకునేది. "ముందు బల్ల సమంగా ఉందో లేదో చూడండమ్మా. బల్ల వాలితే ముల్లు ఒక పక్కకి లాగుతుంది. పాట గీత ఒక వైపే అరుగుతుంది" అన్నాడు. తర్వాత ముల్లున్న చేతిని గాలిలో నిలబెట్టి, వెనకాల బరువు తిప్పి తిప్పి, త్రాసులా తూగేదాకా ఓపికపట్టమన్నాడు. అక్కణ్ణుంచి లెక్కపెట్టి రెండు గ్రాములు వేయమన్నాడు. నాకు రెండు గంటలు పట్టింది. ఒక్కసారి కూడా సార్ ఏరీ అనలేదు.

రికార్డు కడగడం కూడా ఆయనే నేర్పాడు. కుళాయి నీళ్ళు పనికిరావు, ఉప్పు దిగుతుంది. కారు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు తెచ్చి, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి, చంటిపిల్లల బ్రష్షుతో గీతల వెంటే తిప్పాలి, గీతలకి అడ్డంగా కాదు. "పాట ఎటు నడుస్తుందో మన చెయ్యీ అటే నడవాలండీ" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చి స్కూల్లో వాడాను, ఎవరికీ అర్థం కాలేదు.

మిషను ఇంటికొచ్చాక నాన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఫోనులో పాటలు రావడం లేదా? దీనికి మళ్ళీ బల్లొకటా?" అన్నారు. నేను ఏది పెట్టినా ఒక వైపు అయ్యేసరికి "ఆపండిక" అనేవారు. అమ్మ మాత్రం వచ్చి గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, తన రికార్డు కాదని తెలిశాక వెళ్ళిపోయేది.

ఇక వేట. బెంజి సర్కిల్ దగ్గర ఒక కొత్త కాఫీ షాపులో గోడంతా పాత రికార్డులు అలంకరించారని విని, మా ఆయన్ని తీసుకుని వెళ్ళాను. గోడకి మేకులు కొట్టి తగిలించారు. వాటి మధ్య నాకు నాలుగు పెళ్ళి పాటల చిన్న రికార్డు కనిపించింది. పక్కనే తగిలించిన దాని అట్ట మీద గాయనుల పేర్లు రెండు, నాలుగో పాట అప్పగింతలు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది గడియారం. మధ్యలో బెజ్జం పెద్దది చేసి, సెల్లు యంత్రం బిగించి, ముళ్ళు తగిలించారు. ఇంకా అందం సరిపోలేదని పాటల మీద ఎర్రరంగుతో కూచిపూడి నాట్యకత్తె బొమ్మ గీశారు.

మేనేజరుని పిలిచాను. "ఇది పాట అని మీకు తెలుసా?" అన్నాను. "వింటేజ్ డెకర్ మేడం. కావాలంటే కౌంటర్లో ఇంకా ఉన్నాయి, గిఫ్టులకి బాగా పోతున్నాయి" అన్నాడు చాలా మర్యాదగా. ఆ మర్యాదే నాకు కడుపు మండించింది. "మీ ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ చింపి పొట్లాలు కడతారా? వీణకి బెజ్జం పెట్టి కుండీ చేస్తారా?" అని నేను గొంతు పెంచాను. చుట్టూ పిల్లలు ఫోన్లు పైకెత్తారు. మా ఆయన బిల్లు కట్టేసి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. నేను తాగని కాఫీ అక్కడే చల్లారింది.

వన్ టౌన్ షాపాయన మీద నాకు అనుమానం ఉన్నా, ఆయన దగ్గరికే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఆయన దగ్గర గుట్టలుగా ఉంటాయి. కొన్ని ఎండకి అప్పడాల్లా వంకరపోయినవి. కొన్ని బుడమేరు వరదలో మునిగి తేలినవి, కాగితం ఉబ్బి బురద గీత కనిపిస్తుంది. ఆ గుట్టల్లో రెండు నెలల్లో మూడుసార్లు నేను వెతికే రికార్డే దొరికింది. మూడుసార్లూ ఇంటికొచ్చి కడిగి పెట్టాను. మంగళస్నానం పాట గలగలా వస్తుంది. నలుగు పాట వస్తుంది. తలంబ్రాల పాట, చిన్న టిక్కుటిక్కులు తప్ప, బాగానే వస్తుంది. నాలుగోది రాగానే వాన పడ్డ చప్పుడు. గొంతులెక్కడో లోపల ఉన్నాయి కానీ మాట తెలియదు. వెలుతురులో పట్టుకుని చూస్తే మిగతా రికార్డు నల్లగా నిగనిగలాడుతూ, ఆ ఒక్క పాట మేరా బూడిదరంగులో ఉంటుంది. మూడింటిలోనూ అంతే.

మూడోసారి నేను తిన్నగా షాపుకి వెళ్ళి అడిగాను. "నాలుగో పాట చెడగొట్టి అమ్ముతున్నారా? ఎవరికో మంచిది దాచిపెట్టి నా చెవిలో పువ్వు పెడుతున్నారా?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "నేనెందుకు చెడగొడతానండీ? పాట పెట్టి వినడానికి నా దగ్గర మిషనే లేదు" అన్నాడు. తర్వాత నా మీద జాలిపడ్డాడో, నన్ను వదిలించుకుందామనో గానీ, "ఇవన్నీ మైకు సెట్ల వాళ్ళ దగ్గర కొన్న సరుకండీ. వాళ్ళనే అడగండి" అన్నాడు.

మైకు సెట్టు షాపు కోసం నేనెక్కడికీ పోనక్కర్లేదు. మా స్కూలు కంకిపాడు దాటాక ఉంటుంది. కంకిపాడు సెంటర్లో బస్సు మారే చోట, లైటింగూ డీజే అద్దెకిస్తామని పెద్ద ఫ్లెక్సీ. దాని కిందే పన్నెండేళ్ళుగా నేను రోజూ నిలబడుతున్నాను. తలెత్తి చూడని నన్ను నేనే తిట్టుకున్నాను. లోపల ఎల్‌ఈడీ తెరల మధ్య ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. షాపు ఇప్పుడు కొడుకు చూసుకుంటాడట. వాళ్ళ అన్నయ్యా ఈయనా కలిసి ఒకప్పుడు సైకిళ్ళ మీద మైకు సెట్టు వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారట.

నేను బ్యాగులోంచి బూడిదరంగు రికార్డు తీసి చూపించగానే ఆయన నవ్వు మొదలుపెట్టాడు. "నాలుగోది పాడదు కదండీ పంతులమ్మగారూ? ఈ జిల్లాలో ఎక్కడా పాడదండి. మిగతా మూడూ పెళ్ళికి ఒకసారి వేస్తాం. ఇది మాత్రం వేసిందే వేయడం. పిల్ల తల్లికి ఏడుపు సరిగ్గా రాలేదనుకోండి, మళ్ళీ వెయ్యమంటారు. మేనత్త ఆలస్యంగా వచ్చిందనుకోండి, మళ్ళీ వెయ్యమంటారు. పిల్ల బండి ఎక్కేదాకా అదే పాట. మా ఇనప ముల్లు కింద ఎన్ని పెళ్ళిళ్ళని బతుకుతుందండీ?"

నేను అక్కడే ఒక స్పీకరు పెట్టె మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ దొంగలని తిట్టుకున్నాను. ఎవరూ చెడగొట్టలేదు, ఊళ్ళన్నీ కలిసి ఏడ్చి ఏడ్చి ఆ పాటని అరగదీశాయి. కోపం పోవాల్సింది, పోలేదు. ప్రతి ఇంటి ఆడపిల్లకీ మూడేసిసార్లు వేశారు, మా అమ్మకి ఒక్కసారి పూర్తిగా వేయలేదు.

ఆ మాటే అన్నాను. కరెంటు పోయి పాట ఆగిపోయిందని చెప్పాను. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఆయన కనుబొమలు ముడిచి, "కరెంటు పోతే పాట ఆగడమేంటండీ? మావి బ్యాటరీ మీద పాడేవి కదండీ. పాట ఆగాలంటే ఎవరో ఒకరు ఆపాలండి" అన్నాడు. తమ వృత్తికి మాట రాకుండా చెబుతున్నాడులే అనుకుని నేను పట్టించుకోలేదు. మా అమ్మ మాట కంటే ఈయన మాట ఎక్కువా అని లోపల కాస్త విసుక్కున్నాను కూడా.

ఆయన లేచి వెనక గదిలోకి వెళ్ళి, చాలాసేపు వెతికి, పాత చీరముక్కలో చుట్టిన రికార్డొకటి తెచ్చాడు. అట్ట కూడా మాయలేదు. "మా అన్నయ్య పెళ్ళి పాటల రికార్డు ఏది కొన్నా రెండేసి కొనేవాడండి. ఒకటి వేయడానికి, అది అరిగాక వేయడానికి ఇంకోటి. ఈ రెండోది విప్పేలోపు టేపులొచ్చేశాయి" అన్నాడు. డబ్బులిస్తానంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ముల్లు దించాక పాట అయ్యేదాకా ఎత్తకండి. అది మా అన్నయ్య రూలు" అని మాత్రం అన్నాడు. బస్సులో ఆ రికార్డుని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా చూసుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వెంటనే పెడతానంటే ఒప్పుకోలేదు. "దసరాలు కదా, ఎల్లుండి శుక్రవారం. పొద్దున్నే తలంటుకుని వింటాను" అంది. సరే అని ఆమె బీరువాలోనే పెట్టించాను.

శుక్రవారం పొద్దున అమ్మ మంచి చీర కట్టుకుంది. నేను బల్ల మీద రసమట్టం పెట్టి చూసుకుని, ముల్లు తుడిచి, "తీసుకురా అమ్మా" అన్నాను. నాన్న మూడడుగుల దూరంలో, వాలుకుర్చీలో, పేపరు వెనకాల ఉన్నారు. అమ్మ ఎప్పుడు బీరువాలోంచి తీసి పెట్టుకుందో గానీ, దేవుడి గదిలోంచి రికార్డుని రెండు చేతులతో పట్టుకొచ్చి నా చేతికిచ్చింది. కంగారులో నేను సరిగ్గా చూడలేదు. పైవైపు బాగానే ఉంది. నాలుగో పాట రెండోవైపు ఉంటుంది కాబట్టి తిప్పి పెట్టాను, కళ్ళజోడు లేకుండా, మూడో పాట దాటించి ముల్లు దించాను.

ఆ బొంగురు గొంతు. అమ్మ చెప్పిన గొంతే. గదంతా నిండింది. తల్లి కూతురికి చెప్పే మాటలు, పొద్దున్నే లేవమనీ, పుట్టింటి మీద బెంగపెట్టుకోవద్దనీ. అమ్మ సోఫా అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింటోంది. సగం అయింది. టక్కుమని ముల్లు గెంతింది. మళ్ళీ వెనక్కి వచ్చింది, మళ్ళీ గెంతింది. ఒకే ముక్క, ఒకే ముక్క. ఎత్తి, కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పసుపు రాసి, నాలుగు దిక్కులా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. గీతల్లోకి దిగి ఎండిపోయాయి.

"బొట్లు పెట్టావా?"

"కొత్త వస్తువు ఇంట్లోకొస్తే పెట్టమా? నీ స్కూటరుకి పెట్టాం, ఫ్రిజ్జుకి పెట్టాం..."

"కాగితం మీద పెట్టాలి, అట్ట మీద పెట్టాలి! పాట మీద పెడతారా ఎవరైనా?"

"పాట ఎక్కడుందో నాకేం తెలుసే? అంతా నల్లగానే ఉందిగా" అంది అమ్మ చిన్నగా.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. రెండేళ్ళ తిరుగుడు, టై అబ్బాయి నవ్వు, గోడ మీది గడియారం, అన్నీ కలిసి ఆమె మీదకే వెళ్ళాయి. "ఇన్నేళ్ళు ఎదురుచూసి నీ చేతులతో నువ్వే పాడుచేసుకున్నావు" అని అరిచాను. అమ్మ వేళ్ళకి అంటుకున్న పసుపుని కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పేపరు వెనకాల నుంచి నాన్న అన్నారు: "పోనీలే, సగమైనా విన్నావుగా. ఆపండిక."

అమ్మ తుడుచుకోవడం ఆపేసింది. "ఆ రోజు కూడా ఇదే మాట అన్నారు" అంది.

"ఏ రోజు?" అన్నాను నేను.

"పెళ్ళి రోజు. కరెంటు పోలేదే. మా ఊళ్ళో అప్పటికి కరెంటెక్కడిది? మా నాన్న నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఇంకా ఈయన చేతిలో పెట్టలేదు. ఈయన మైకు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆపండిక అన్నారు. ఆయన గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే."

పేపరు కిందకి దిగింది. "వర్జ్యం వస్తోందని మా బాబాయి తొందరపెట్టాడు. బయల్దేరాలి కదా" అన్నారు నాన్న.

"వర్జ్యానికి ఇంకా గంటంపావు ఉంది. పొద్దున్నే పంచాంగం నేనే చూసుకున్నాను" అంది అమ్మ. యాభై ఏళ్ళు పైబడిన ఆ గంటంపావుని ఆమె నిమిషం కూడా పోనివ్వకుండా దాచుకుంది.

"మరి ఇన్నాళ్ళూ కరెంటని ఎందుకు చెప్పావు?" అన్నాను.

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఆయన్ని ఏదో ఒకటి అంటావు" అంది.

కాఫీ షాపులో అరిచాను, వన్ టౌన్‌లో అరిచాను, మైకు సెట్టు పెద్దాయన నిజం చెబితే వినిపించుకోలేదు. పాట ఆపిన మనిషి మా ఇంట్లోనే, ఫ్యాను కింద కూర్చుని, రోజూ అదే మాటతో ఇంకా ఆపుతూనే ఉన్నారు. ఆ మాటని నేను గడియారం చప్పుడనుకున్నాను. అమ్మకి అది ఒక్కరోజు కూడా గడియారం చప్పుడు కాలేదు. నాన్నని ఏమైనా అనాలని నోటిదాకా వచ్చింది. కానీ కాసేపటి క్రితం అమ్మ మీద అరిచిన నోటితోనే అది కూడా అనాలి.

డిస్టిల్డ్ వాటరు సీసా తెచ్చాను. సబ్బు చుక్క, మెత్తటి బ్రష్షు. గీతల వెంటే తిప్పుతూ, కడుగుతూ, ఆరబెడుతూ గంట కూర్చున్నాను. పసుపు సన్నగా నీళ్ళలోకి దిగింది. అమ్మ పక్కనే నిలబడి చూసింది. "క్షమించమ్మా" అన్నాను. "ఊఁ, ఆ మూల ఇంకా ఉంది చూడు" అంది.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఎంతసేపు ఉంటుంది ఆ పాట?" అని అడిగారు.

"మూడు నిమిషాలు" అన్నాను.

"అంతేనా?" అన్నారు.

ముల్లు దించాను. బొంగురు గొంతు మళ్ళీ మొదలైంది. తల్లి మాటలు అయ్యాయి. బొట్టు ఉన్న చోట టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, ముల్లు దాటేసింది. అక్కడ రెండో ఆవిడ అందుకుంది. ఆ సగం కూతురికి కాదు. అల్లుడికి. మా పిల్ల నోరు తెరిచి అడగదు, బాబూ, అడక్కుండానే తెలుసుకో అని అల్లుడిని బతిమాలుకునే మాటలవి. నేను నాన్న వైపు చూశాను. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. గొంతు సవరించుకున్నారు. చెయ్యి కుర్చీ అంచు మీద నుంచి కాస్త పైకి లేచింది.

అమ్మ తిరుగుతున్న రికార్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏదీ, ఇప్పుడు ఆపమనండి చూద్దాం" అంది.